తోలుపై రాజముద్ర: చెన్నపట్టణమున వన్యచర్మ వాణిజ్యమును, లైసెన్సు విధానమును

రోమము కొరకు జంతువులను పెంచి వాని తోళ్ళను అమ్ముకొనుట శీతల దేశములలో పుట్టిన వృత్తి. వెండిచాయ గల నక్క, మింకు, చించిల్లా మొదలగు జంతువులను పంజరములలో ఉంచి, చలికాలమున వాని బొచ్చు దట్టమైన తరుణమున వధించి, తోలును బొచ్చుతోడనే పదును చేయుదురు. చెన్నపట్టణపు ఉక్కలో అట్టి బొచ్చు దట్టము కాదు. దానిని ధరించి వీథిలో నడువగల వారును లేరు. కావున రోమచర్మ క్షేత్రములు ఇచట వెలయలేదు. అయినను ఆ క్షేత్రముల విషయమున పాశ్చాత్య ప్రభుత్వములను వేధించిన ప్రశ్న చెన్నపట్టణమును విడిచిపెట్టలేదు. అడవిజంతువు తోలును అమ్ముకొనుటకు ప్రభుత్వము ఎవరికి, ఏ షరతులతో, ఏ ఆధారమును చూచి లైసెన్సు ఈయవలెను? ఇచట ఆ ప్రశ్న నక్కను గూర్చి కాక, పామును గూర్చియు మొసలిని గూర్చియు వచ్చినది. వచ్చిన సమాధానము ఒక్క తీరుగా లేదు. ఒకచోట లైసెన్సు విఫలమై నిషేధముగా మారినది. వేరొకచోట లైసెన్సు పుట్టనే లేదు. మరియొకచోట అదే లైసెన్సు ఒక పేద జాతికి జీవనాధారమైనది. ఈ భేదమునకు కారణము అన్వేషింపదగినది.

మొదట సీమలలోని సంగతి కొంత తెలియవలెను. కెనడా దేశమునందలి ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున చార్లెస్ డాల్టన్, రాబర్టు ఔల్టన్ అను ఇరువురు 19వ శతాబ్ది చివరి దశకమున వెండినక్కలను బోనులలో ఈనించి సాకుటలో కృతార్థులైరి. ఆ మర్మమును వారు కొంతకాలము దాచిరి. 1910 తరువాత అది వెల్లడి కాగా ఒక్కొక్క నక్కల జత వేలకొలది డాలర్లకు అమ్ముడుపోయినది. ఆ వేలంవెర్రి పిమ్మట ఐరోపాకు వ్యాపించెను. బ్రిటనులో మస్క్‌రాట్ అను నీటియెలుకను రోమము కొరకు దిగుమతి చేసికొనగా, అవి బోనులు తప్పించుకొని ఏటిగట్లను, కాలువ కట్టలను త్రవ్వి పాడుచేసినవి. అందుచేత 1932లో హానికరములగు దిగుమతి జంతువుల చట్టము చేసి, లైసెన్సు లేనిదే మస్క్‌రాట్‌ను పెంచరాదని శాసించిరి. తప్పించుకొన్న వానిని వేటాడి 1937 నాటికి నిర్మూలించిరి. మింకు విషయమున అట్టి జయము దొరకలేదు. 1956లో డెవన్ ప్రాంతపు టైన్ నదియొడ్డున మింకులు స్వేచ్ఛగా పిల్లలను పెట్టుచున్నట్లు తేలినది. నేటికిని అవి ఆ దేశపు నదులలో ఉన్నవి. అచటి లైసెన్సు ముఖ్యముగా జంతువు నుండి దేశమును కాపాడుటకు పుట్టినదని గమనింపవలెను. జంతువును మనుష్యుని నుండి కాపాడవలెనను తలంపు పిమ్మటిది. ఆ తలంపుతోనే 2000లో చట్టము చేసి, 2003 జనవరి 1 నుండి ఇంగ్లండు, వేల్సులలో రోమక్షేత్రములను పూర్తిగా నిషేధించిరి.

ఇక చెన్నపట్టణము. ఈ నగరము తోళ్ళ నగరము. పెరియమెట్టు మండీలలో మేకతోళ్ళు, గొఱ్ఱెతోళ్ళు, గోచర్మములు కొండలుగా పేర్చబడెడివి. తంగేడు చెక్కయు, కరక్కాయయు ఈ పరిశ్రమకు ప్రాణములు. పండుగనాడు తంగేడు పూలను పేర్చుకొను తెలుగువారికి దాని చెక్క తోలును పదును చేయునను సంగతి అంతగా పరిచితము కాకపోవచ్చును. కాని సముద్రము దాటి లండను విపణిలో పేరు మోసిన చెన్నపట్టణపు తోలునకు మెత్తదనమును, లేత వన్నెను ఇచ్చినది ఆ చెక్కయే. 1903లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోమియపు లవణములతో తోలును పదునుచేయు పద్ధతిని ఇచట ప్రయోగించి చూపెను. పల్లావరము చెంత వెలసిన క్రోం లెదర్ కంపెనీ వలననే క్రోంపేటకు ఆ పేరు కలిగినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈ తోళ్ళు బ్రిటిషు సైనికుల బూట్లకు అత్యవసరములు కాగా, ప్రభుత్వము వాని కొనుగోలును తన చేతిలోనికి తీసికొనెను. 1948లో అడయారున కేంద్ర చర్మ పరిశోధనాలయము స్థాపింపబడినది.

ఇంత పెద్ద వాణిజ్యమును ప్రభుత్వము పట్టించుకొనకుండ నుండునా? పట్టించుకొనెను, కాని ఏ కన్నుతో? 1919 నాటి చెన్నపురి నగరపాలక చట్టము ప్రకారము తోళ్ళను ఊనుటకు, నిలువచేయుటకు లైసెన్సు కావలెను. అది దుర్గంధమునకును, ప్రజారోగ్యమునకును సంబంధించినది. అదే సంవత్సరమున భారత ప్రభుత్వము పచ్చితోళ్ళ ఎగుమతిపై నూటికి 15 వంతున సుంకము విధించి, సామ్రాజ్యములోని దేశములకు పోవు సరకుపై అందు మూడింట రెండు వంతులు తగ్గించెను. 1923లో సుంకమును నూటికి 5కు దించెను. అది ఖజానాకును, సామ్రాజ్య పరిశ్రమకును సంబంధించినది. ఈ శాసనములలో తోలు తూకమును, వెలను, వాసనను గూర్చిన చింత కలదు. ఆ తోలు ఏ జంతువుది, ఏ అడవి నుండి వచ్చినది అను ప్రశ్న లేదు. పశువుల తోళ్ళకు ఆ ప్రశ్నతో పని లేకపోవుట సహజము. కాని వాని చాటుననే ఉడుము తోలు, కొండచిలువ తోలు, మొసలి తోలు, చిరుతపులి తోలు సముద్రము దాటినవి.

అడవిజంతువులకు వేరుగ చట్టములు లేకపోలేదు. చెన్న రాజధానిలో 1873లో అడవియేనుగుల రక్షణ చట్టమును, 1879లో నీలగిరుల వేట, చేపల రక్షణ చట్టమును చేసిరి. వేటగాని లైసెన్సు, వేట తగని ఋతువు అను భావములు వీనితో మన ప్రాంతమున వేళ్ళూనినవి. 1912లో వచ్చిన వన్యపక్షి మృగ రక్షణ చట్టము దేశమునకంతకు వర్తించినది. దాని అనుబంధమును చదివినచో ఒక విశేషము కనబడును. జింకలు, అడవిదున్నలు, ఖడ్గమృగములు, కుందేళ్ళు మొదలగునవి అందున్నవి. పులి లేదు, చిరుత లేదు, మొసలి లేదు, పాము లేదు. దొరల వేటకు తగిన జంతువులు తరిగిపోకుండ కాపాడుటయే ఆ చట్టముల ముఖ్యోద్దేశము. పామును కాపాడవలెనని తలంచువాడు ఆ నాడు ఎవడు?

పాము తోలునకు ఐరోపా, అమెరికా ఖండములలో గిరాకి హెచ్చినప్పుడు ఆ సరకును సమకూర్చిన ముఖ్య స్థానములలో చెన్నపట్టణ పరిసరములు ఒకటి. నగరమునకు దక్షిణమున చెంగల్పట్టు జిల్లాలోని ఇరుళరు పాములను పట్టుటలో అసమానులు. నెల్లూరు సీమలోని యానాదుల జీవనమును ఎరిగిన తెలుగువారికి వీరి జీవనము సుబోధము. ఎలుక కలుగును త్రవ్వి ఎలుకను, అందు దాచబడిన ధాన్యమును కూడ తెచ్చుకొనుట, మూలికలను గుర్తించుట, ఇసుకపై సన్నని జాడను చూచి అది ఏ పాము, ఎంతసేపటి క్రింద ఏ దిక్కునకు పోయినది చెప్పగలుగుట వీరికి తరతరముల విద్య. ఇరుళరు పట్టి చంపి ఇచ్చిన తాచు, జెర్రిపోతు, రక్తపింజరి తోళ్ళు దళారుల చేతులు మారి చెన్నపట్టణపు తోళ్ళ వర్తకులను చేరి, అచట పదునై, స్త్రీల చేతిసంచులుగను, పాదరక్షలుగను, నడికట్లుగను రూపొందుటకు పరదేశములకు తరలెడివి. ఏటేట లక్షలకొలది తోళ్ళు పోయెడివి. పట్టినవానికి దొరకినది కూలి మాత్రమే. లాభము తోలుతో పాటు ప్రయాణము చేసినది.

ఈ స్థితిలో 1972 సెప్టెంబరు 9న వన్యప్రాణి సంరక్షణ చట్టము వెలువడినది. వన్యమృగములు అప్పుడు రాష్ట్రముల అధికారమునకు చెందినవి గనుక, రాజ్యాంగపు 252వ అధికరణము ననుసరించి రాష్ట్ర శాసనసభలు తీర్మానించి పార్లమెంటునకు ఆ అధికారము నిచ్చినవి. మొదట తీర్మానించిన 11 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తమిళనాడు తరువాత చట్టమును స్వీకరించినది.

ఈ చట్టపు 5వ అధ్యాయమే ప్రస్తుత విషయమునకు గుండెకాయ. 39వ విభాగము ప్రకారము వేటాడబడిన వన్యమృగమును, దాని తోలు, కొమ్ము, దంతము మున్నగు భాగములును ప్రభుత్వపు సొత్తు. అంతవరకు అడవిమృగము ఎవరి సొత్తును కాదు, పట్టినవానిదే. ఒక్క వాక్యముతో ఆ పురాతన న్యాయము తలక్రిందులైనది. ఇంట తోలు ఉన్నవారు దానిని ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రము పొందవలెను. 44వ విభాగము ప్రకారము తోళ్ళతో వస్తువులు చేయువారును, వానిని అమ్మువారును, చచ్చిన జంతువుల తోలులో దూది కూరి నిలిపెడివారును లైసెన్సు లేనిదే ఆ పని చేయరాదు. లైసెన్సు అడిగినవానికి సరకు ఎచటినుండి, ఏ రీతిగా లభించునో, ఆ ప్రాంతమున అదివరకే ఎన్ని లైసెన్సులు కలవో, క్రొత్త లైసెన్సు వలన వేట హెచ్చునో లేదో అధికారి విచారింపవలెను. వర్తకుడు కొనుగోళ్ళను, అమ్మకములను, నిలువలను పుస్తకములో వ్రాసి చూపవలెను. కాగితముపై ఇంతకంటె కట్టుదిట్టమైన ఏర్పాటును ఊహించుట కష్టము.

ఆ చట్టపు అనుబంధములలో జంతువులు తరగతులుగా విభజింపబడినవి. పులి, మొసలి మొదలగునవి అగ్రస్థానమున నున్నవి. 5వ అనుబంధమున హానికర ప్రాణులు అను శీర్షిక క్రింద కాకి, ఎలుక, గబ్బిలములతో పాటు నక్కయు గుంటనక్కయు మొదట చేర్చబడియుండెను. రోమచర్మమునకు పనికివచ్చు ఈ రెండు జంతువులును ఆ నాటికి రక్షణ లేనివే. పిమ్మట వానిని ఆ వరుస నుండి తొలగించి పై తరగతికి చేర్చిరి.

ఇంత జాగ్రత్తతో కూర్చిన లైసెన్సు పద్ధతి ఏల నిలువలేదు? తోలు మాటలాడదు. ఉప్పు వేసి, సున్నపు తొట్టిలో నానబెట్టి, చెక్కకషాయములో ఊనిన పిమ్మట 1971లో చంపిన పాము తోలునకును, 1975లో చంపిన పాము తోలునకును భేదము కనిపెట్టగలవాడు లేడు. చట్టమునకు ముందు కొనిన నిలువయని వర్తకుడు పుస్తకమున వ్రాసికొనినచో, ఆ నిలువ ఎన్ని సంవత్సరములు అమ్మినను తరగదు. క్రొత్త తోళ్ళు పాత లెక్కలో వచ్చి చేరుచుండును. లైసెన్సు గల అంగడియే లైసెన్సు లేని వేటకు ముంగిలి యగును. వర్తకులందరు మోసగాండ్రని దీని భావము కాదు. నిజాయితీ గల వర్తకుడును తన చేతిలోని తోలు ఏ పొలము నుండి వచ్చినదో నిరూపింపజాలడు. అతని సాక్ష్యము దళారి మాట. దళారి సాక్ష్యము పట్టినవాని మాట. పట్టినవాడు వ్రాతకోతలు ఎరుగనివాడు.

అందుచేత అడుగడుగునకు ముడి బిగింపవలసివచ్చినది. అపాయస్థితిలోనున్న జాతుల అంతర్జాతీయ వాణిజ్యమును గూర్చి 1973లో వాషింగ్టనున కుదిరిన ఒడంబడికను భారతదేశము 1976లో స్వీకరించెను. ఆ కాలముననే పాము తోళ్ళ ఎగుమతి నిషేధింపబడినది. 1986లో చట్టమును సవరించి 5-అ అధ్యాయమును చేర్చి, ముఖ్య జాతుల తోళ్ళతోను, వానినుండి చేసిన వస్తువులతోను వర్తకమును పూర్తిగా నిలిపివేసిరి, లైసెన్సులును చెల్లకపోయినవి. దంతపు వర్తకమునకు సంబంధించిన ఇట్టి నిషేధమును వర్తకులు ప్రశ్నింపగా, వన్యప్రాణుల రక్షణకై ఒక వాణిజ్యమును సంపూర్ణముగా నిషేధించుట రాజ్యాంగమునకు విరుద్ధము కాదని 2003లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. కాశ్మీరమునకు 1978 నాటి ప్రత్యేక చట్టము ఉండుటచే అచటి రోమచర్మ వర్తకము తక్కిన దేశముకంటె ఎక్కువకాలము సాగినది.

జాతి తరిగిపోవుట ఒకటి, జంతువు బాధపడుట వేరొకటి. రెండవదానిని గూర్చిన చట్టమునకు చెన్నపట్టణమే పుట్టినిల్లని చెప్పవచ్చును. కళాక్షేత్ర స్థాపకురాలైన శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలుగా జంతుహింసను గూర్చి బిల్లును ప్రతిపాదించి ప్రభుత్వమును కదిలింపగా, 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దాని ప్రకారము 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. ఆ మండలి 2018 వరకు చెన్నపట్టణముననే ఉండి, పిదప హర్యానాకు తరలిపోయినది. జంతువు సుఖముగ కదలుటకు చాలని బోనులో దానిని బంధించుట ఈ చట్టము ప్రకారము నేరము. మింకులను జీవితాంతము తీగబోనులలో ఉంచు రోమక్షేత్రము ఈ దేశమున ఎవరైన పెట్టదలచినను ఈ ఒక్క నియమమే అడ్డుపడెడిది.

తోలు కొరకు వన్యజంతువును పెంచుటకు అనుజ్ఞ ఈయవచ్చునా అను ప్రశ్న మాత్రము చెన్నపట్టణ సమీపముననే సూటిగా ఎదురైనది. రోములస్ విటేకర్ 1969లో చెన్నపట్టణ శివారున సర్పోద్యానమును ప్రారంభించెను. అది 1972లో గిండీకి మారినది. 1976లో ఆయనయు, ఆయన సహచరులును సముద్రతీరమున వడనెమ్మేలి గ్రామమున మొసళ్ళ నిధిని స్థాపించిరి. తోళ్ళ వేట వలన దేశమున మంచినీటి మొసళ్ళు అంతరించుచున్న కాలమది. 1975లో కేంద్ర ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి సంస్థల సాయముతో మొసళ్ళ సంరక్షణ ప్రణాళికను ఆరంభించినది; దానికి కావలసిన సిబ్బందికి శిక్షణ నిచ్చు కేంద్రసంస్థ హైదరాబాదున నెలకొల్పబడినది. గుడ్లను పొదిగించి, పిల్లలను సాకి, చెరువులలోను నదులలోను విడిచిపెట్టుట ఆ ప్రణాళిక.

మొసళ్ళు ఎవరి అంచనాకును అందక వృద్ధి పొందినవి. ఏటేట ప్రతి ఆడుమొసలి గుడ్ల గంపను పెట్టును. కాపాడు చేయి ఉన్నచో పిల్లలు బ్రతుకును. కొంతకాలమునకు వానిని విడిచిపెట్టుటకు తగిన జలాశయములు కరవైనవి. అప్పుడొక వాదము బయలుదేరినది. జింబాబ్వే, పాపువా న్యూగినీ మొదలగు దేశములు లైసెన్సులతో మొసళ్ళ క్షేత్రములను నడిపి, తోళ్ళ ఆదాయములో కొంత భాగమును అడవిలోని మొసళ్ళ రక్షణకు వినియోగించుచున్నవి గదా. వాషింగ్టను ఒడంబడిక 7వ అధికరణము ప్రకారము బోనులో పుట్టిన జంతువుల వాణిజ్యమునకు వెసులుబాటు కలదు గదా. మొసలి ఒడ్డుకు వచ్చి మేకను పట్టుకొనిపోవుటను సహించు పల్లెవానికి ఆ మొసలి వలన ఒక రూపాయి యైనను దక్కవలదా అనునది ఆ వాదము. ఇది త్రోసిపుచ్చదగిన వాదము కాదు. కాని భారత ప్రభుత్వము అంగీకరింపలేదు. క్షేత్రపు తోలు చాటున నదిలోని మొసలి తోలు వచ్చిచేరినచో ఆపుట ఎట్లు? పాము తోలు విషయమున తగిలిన దెబ్బ ఇంకను పచ్చిగా నున్నది. ఫలితముగా మొసళ్ళ నిధిలో సంతానోత్పత్తినే అరికట్టవలసివచ్చెను. 2022లో సుమారు వేయి మొసళ్ళను గుజరాత్‌లోని జామ్‌నగరమున గల జంతుశాలకు తరలించుటకు ఏర్పాటు జరిగినది. లైసెన్సు ఈయకుండుట వలన తోలు వేట తగ్గినది. మొసలిని సాకు భారము మాత్రము దాతలపైనను, దర్శకుల టిక్కెట్లపైనను పడినది.

ఈ విషయమున ప్రభుత్వపు పట్టుదల నేటికిని సడలలేదు. 2017 జనవరిలో కేంద్ర ప్రభుత్వము మింకు, నక్క, చించిల్లాల రోమచర్మములను, సరీసృపముల పచ్చితోళ్ళను దిగుమతి చేసికొనుట కూడ నిషేధించెను. లైసెన్సులతో క్షేత్రములను నడిపిన దేశములకు సైతము ఆ మార్గము సుఖమైనది కాలేదు. డెన్మార్కున 2020 నవంబరులో మింకులకు కరోనా వ్యాధి సోకి మనుష్యులకు తిరిగి అంటుచున్నదని తెలియగా, కోటిన్నరకు పైబడిన మింకులను చంపవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. ఆరోగ్యముగనున్న మందలను కూడ చంపింపగల అధికారము చట్టములో లేదని తరువాత తేలి, వ్యవసాయ మంత్రి పదవి విడువవలసివచ్చినది. లైసెన్సు ఇచ్చిన చేతికి దానిని వెనుకకు తీసికొను అధికారము ఎంతవరకు కలదో చట్టములో ముందుగనే వ్రాసికొనని లోపమది.

మరల ఇరుళర వద్దకు వత్తము. పాము తోళ్ళ ఎగుమతి ఆగినప్పుడు ప్రథమముగా పస్తులున్నవారు వీరు. పెరియమెట్టు వర్తకుడు పాముతోలు పోయినచో మేకతోలు అమ్మును. ఇరుళరునకు పాము తప్ప వేరు పెట్టుబడి లేదు. పామును తాకుటయే నేరమగుటచే తాతలనాటి విద్య ఒక్కమారుగా దొంగతనముగా మారినది. వారు అడవి చట్టమును చదివి తెలిసికొనలేదు, పట్టుబడి తెలిసికొనిరి. నిషేధమును కోరినవారిలో ప్రముఖుడైన విటేకరే ఈ అన్యాయమును గ్రహించి దానికి విరుగుడు వెదకుట ఈ చరిత్రలో ముఖ్యఘట్టము. 1978 డిసెంబరులో ఇరుళ సర్పగ్రాహకుల పారిశ్రామిక సహకార సంఘము రిజిస్టరు చేయబడినది. 1982లో అది పాముల నుండి విషమును తీయుట ప్రారంభించెను. మొసళ్ళ నిధి ఆవరణముననే దాని కేంద్రము కలదు.

పని జరుగు తీరు ఇట్లుండును. తాచు, కట్లపాము, రక్తపింజరి, రంపపు పొలుసుల చిన్నపింజర అను నాలుగు జాతుల పాములను మాత్రమే, అటవీశాఖ ఆ యేడు నిర్ణయించిన సంఖ్యకు మించకుండ, సభ్యులు పట్టి తెత్తురు. పట్టినవారికి పాము జాతిని బట్టి పైకము ముట్టును. తెచ్చిన పామును కొలిచి, తూచి, పుస్తకమున వ్రాసి, ఇసుక పోసిన మట్టికుండలో నుంచి, గాలి ఆడునట్లు మూతికి గుడ్డ కట్టుదురు. మూడు నాలుగు వారములు మాత్రమే దానిని ఉంచుకొని, వారమునకొకమారు చొప్పున, గాజుపాత్రకు బిగించిన పొరను కరపించి విషమును గ్రహింతురు. ఆ విషమును ఎండబెట్టి పొడిగా చేసి మందుల తయారీ సంస్థలకు అమ్ముదురు. గడువు తీరగనే పాము పొట్టక్రింది పొలుసులలో కొన్నింటి అంచును గుర్తుగా కత్తిరించి, మరల పొలములలోనికి విడిచిపెట్టుదురు. ఆ గుర్తుతో దొరకిన పామును మరల పట్టరు. పొలుసు మరల పెరుగుటకు పట్టు కాలమే పామునకు విశ్రాంతికాలము.

తోలు లైసెన్సు ఏల విఫలమైనదో, విషపు లైసెన్సు ఏల నిలిచినదో ఇచట తేటపడుచున్నది. తోలు విషయమున అధికారి చూడగలిగినది చచ్చిన వస్తువును, దానిని గూర్చిన కాగితమును మాత్రమే. ఇచటనో పాము సజీవముగ కుండలో నున్నది. ఎన్ని వచ్చినవో, ఎన్ని పోయినవో కుండలను లెక్కించిన తెలియును. ఒకే పామును తరుచుగ పట్టుచున్నారో లేదో దాని పొట్టయే చెప్పును. లైసెన్సు షరతు కాగితముపై గాక జంతువు మేనిపై వ్రాయబడినది. పామును చంపుట ఇరుళరకు లాభము కాదు. పొలమున పాములు తరిగినచో మరుసటి యేడు వారికే నష్టము.

ఈ కుండలలోని విషమునకు దేశముతో నిమిత్తమెంతయో అంకెలు చెప్పుచున్నవి. 2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటికి 58,000 మంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. ఆ మరణములలో అధికభాగము గల రాష్ట్రములలో ఆంధ్ర, తెలంగాణములు చేరియున్నవి. చచ్చినవారిలో పెక్కుమంది వానకాలమున చేలలో దిగు రైతులు, కూలీలు. వారికి వైద్యశాలలలో ఇచ్చు విరుగుడు మందునకు మూలధాతువు చాలవరకు ఈ సంఘము నుండియే వచ్చుచున్నది. అయితే ఒక లోపము కలదు. ఒకే జాతి పాముయైనను ప్రాంతమును బట్టి విషగుణము మారును. చెంగల్పట్టు విషముతో చేసిన మందు ఉత్తరదేశపు కాటునకు అంత చక్కగా పనిచేయదని పరిశోధకులు చెప్పుచున్నారు. ఇట్టి సంఘములు అన్ని ప్రాంతములలో ఉండవలసినది. నెల్లూరు సీమలో ఆ విద్య ఎరిగిన యానాదులకు అట్టి లైసెన్సును గూర్చి ఆలోచింపదగును.

2023లో భారత ప్రభుత్వము ఇరుళ సర్పగ్రాహకులగు వడివేల్ గోపాల్, మాసి సడయన్ అను ఇరువురకు పద్మశ్రీ బిరుదము నిచ్చినది. అర్ధశతాబ్దికి పూర్వము నేరముగ ఎంచబడిన విద్యకు దొరకిన గౌరవమది.

అందరికిని ఈ అదృష్టము పట్టలేదు. చెన్నపట్టణ వీథులలో పూసలు, సూదులు అమ్ముచు తిరుగు నరికురవలను ఎరుగనివారుండరు. నరి యనగా అరవమున నక్క. ఆంధ్రదేశమున వీరిని నక్కలవారని పిలుతురు. నక్క కూతను అచ్చముగ కూసి దానిని వలలోనికి రప్పించుట వీరి విద్య. నక్కతోలును, నక్కకొమ్మని చెప్పు తాయెత్తును అమ్ముట వీరి వర్తకము. మన ప్రాంతమున రోమచర్మ వాణిజ్యమునకు అతిసమీపముగ వచ్చినవారు వీరే. నక్క హానికర ప్రాణుల వరుసలో నున్నంతకాలము వీరి వేటకు అడ్డు లేదు. నక్కకు రక్షణ వచ్చిన నాటినుండి వీరి వేట నేరమైనది. నక్క నుండి విషము రాదు. వీరి విద్యకు తగిన వేరొక లైసెన్సును కనిపెట్టినవారును లేకపోయిరి. పూసలు గ్రుచ్చుటయే వీరికి మిగిలినది. తమను షెడ్యూల్డు తెగలలో చేర్పవలెనని తమిళనాడులో వీరు దశాబ్దములు కోరగా, 2022 డిసెంబరులో పార్లమెంటు అందులకు ఆమోదము తెలిపెను. అదే నెలలో పార్లమెంటు వన్యప్రాణి చట్టపు సవరణను కూడ ఆమోదించి, ఆరు అనుబంధములను నాలుగుకు కుదించెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఆ క్రొత్త పట్టికలో హానికర ప్రాణులను పేర్కొను అనుబంధమే లేదు.